ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్: ఎరుపు పడేదాకా ఆగితే ఆలస్యమే

కేంద్ర జల సంఘం 2023 ఆగస్టులో తెచ్చిన ఈ ఉచిత యాప్ మామూలు జనం కంటే పంచాయతీ కార్యదర్శికి, తహసీల్దారు ఆఫీసుకు ఎక్కువ పనికొస్తుంది. నీటి మట్టం కొలిచే స్టేషన్ల వారీగా నది మట్టం, 24 గంటల అంచనా, 7 రోజుల సూచన ఇస్తుంది. 2024లో వచ్చిన రెండో వెర్షన్‌లో స్టేషన్లు 592కి పెరిగాయి, 150 జలాశయాల నిల్వలూ చేరాయి. సమాచారానికి కొదవ లేదు. చిక్కంతా దాన్ని చదవడంలోనే.

గోదావరి ఒడ్డున లెక్కంతా అడుగుల్లో. భద్రాచలంలో 43 మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. యాప్ మాత్రం సముద్ర మట్టం నుంచి మీటర్లు చూపిస్తుంది. 45.72 అని కనిపిస్తే దాంట్లోంచి 32.61 (అక్కడి గేజి, అంటే మట్టం కొలిచే స్కేలు, సున్నా ఉన్న ఎత్తు) తీసేసి 3.28తో గుణించాలి: 43 అడుగులు. 48.77 అంటే 53. ఈ పట్టిక ముందే రాసి గోడకు అంటించాలి, అర్ధరాత్రి కాలిక్యులేటర్ వెతుక్కునే పని ఉండకూడదు. తీసేసే అంకె స్టేషన్‌ను బట్టి మారుతుంది. భద్రాచలం అంకెను ఇంకోచోట వాడొద్దు.

ఇక రంగులు. హెచ్చరిక మట్టం దాటితే పసుపు, ప్రమాద మట్టం దాటితే నారింజ. ఎరుపు పడాలంటే పాత రికార్డును అందుకోవాలి. భద్రాచలం రికార్డు 1986 ఆగస్టు నాటి 75.6 అడుగులు. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. ఈ కొలమానంలో అదీ నారింజే! కాబట్టి పసుపులోనే గర్భిణులను, డయాలసిస్ రోగులను, మంచాన పడ్డవాళ్లను తరలించాలి.

ఊళ్లకు దారి తెగే తీరు వేరు. నది నిండితే వాగు ఎగదన్ని ముందు కల్వర్టు మునుగుతుంది. గేజి ఎంత ఉన్నప్పుడు ఏ కల్వర్టు మీదికి నీళ్లొస్తాయో పాత వరదల్ని బట్టి రాసుకుని, అక్కడి గోడ మీద పెయింటుతో గీత పెట్టాలి. తర్వాత వెనక్కి లెక్క. ఉదాహరణకు రోడ్డు గేజి 46 అడుగుల దగ్గర మునుగుతుంది, నది గంటకు అర అడుగు పెరుగుతోంది, ట్రాక్టర్ల ట్రిప్పులకు 4 గంటలు పడుతుంది అనుకుందాం. అంటే 44కే బండి కదలాలి. చీకటి పడితే ఇంకో గంట ముందు.

తప్పు జరిగేది ఎక్కువగా వాట్సాప్‌లో. టైము లేని స్క్రీన్‌షాట్ రెండు రోజులు తిరుగుతూనే ఉంటుంది. మట్టంతో పాటు తేదీ, గంట టైపు చేసి పంపండి. కరెంటు పోయి టవర్ ఆగితే యాప్ ఉన్నా లేనట్టే. మైకు, దండోరా సిద్ధంగా ఉంచాలి. జిల్లా కంట్రోల్ రూమ్ 1077 అందరికీ నోటికి రావాలి.

ఒక పెద్ద లోటు: ఇది నది స్టేషన్ల యాప్. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు వాగు లాంటివాటికి దీన్ని నమ్ముకుంటే దెబ్బతింటారు. అక్కడ కావాల్సింది ఎగువన వాననమోదు, గండి పడే చోట కట్ట మీద కాపలా, ఆ కాపలావాడి చేతిలో దిగువ ఊళ్ల నంబర్లు.