పీజీ అంతా వాడాక చెప్తున్నా: మా మెడికల్ లైబ్రరీ

ఏసీ, కుర్చీలు, కొత్త ఎడిషన్లు చూసి మార్కులు వేస్తే మా కాలేజీ లైబ్రరీ అంతంతమాత్రమే. నేను మార్కులు వేసేది లైబ్రేరియన్ మేడంకి. వరంగల్‌లో జనరల్ మెడిసిన్ పీజీ చేస్తూ ఆమె దగ్గరికి వెళ్లినన్నిసార్లు ఏ టెక్స్ట్‌బుక్కూ తెరవలేదు.

చుట్టూ పత్తి పండే ఊళ్లు. పురుగుల మందు కేసులు వార్డుకు వస్తూనే ఉంటాయి. ఆర్గానోఫాస్ఫేట్ (పురుగుల మందుల్లో ఒక రకం) అయితే విరుగుడుగా అట్రోపిన్‌తో పాటు పామ్ (ప్రాలిడాక్సిమ్ అనే మందు) కూడా ఇవ్వాలా అన్నదానిపై యూనిట్‌కో మాట. రీసెర్చ్ పేపర్లు చదివి చర్చించే జర్నల్ క్లబ్‌లో నాకు అదే టాపిక్ పడింది. "పామ్ మీద పేపర్లు కావాలి మేడం" అన్నాను. ఆమె కంప్యూటర్ ముట్టుకోలేదు. ఎలాంటి పేషెంట్లు? ఎంత డోసు? దేనితో పోలుస్తారు? మీరు చూసేది మరణాలు తగ్గాయా అనా, ఆ విషం అణిచేసే ఎంజైమ్ పెరిగిందా అనా? పికో అంటే ఇదేనట, ప్రశ్నను పేషెంట్, చికిత్స, పోలిక, ఫలితం అని విడగొట్టడం. అన్నిటికీ జవాబులు కాగితం మీద రాయించాకే పబ్‌మెడ్ (మెడికల్ పేపర్లు వెతికే సైట్) తెరిచారు. ఉత్త 'పామ్' అని కొడితే సంబంధం లేనివన్నీ వచ్చిపడతాయి. అందుకే మెష్‌లో (పబ్‌మెడ్ వాడే సబ్జెక్ట్ పదాల జాబితాలో) ప్రాలిడాక్సిమ్‌ను పట్టుకుని, ఆర్గానోఫాస్ఫేట్ పాయిజనింగ్‌తో 'అండ్' పెట్టి, రాండమైజ్డ్ ట్రయల్స్ (పేషెంట్లను లాటరీలా గ్రూపులు చేసి పోల్చేవి) మాత్రమే వచ్చేలా చేశారు.

దొరికినవాటిలో రెండింటికి అసలు పొసగదు. 2006లో లాన్సెట్ జర్నల్‌లో వచ్చిన బారామతి (మహారాష్ట్ర) ట్రయల్‌లో ఎక్కువ డోసు ఆపకుండా ఎక్కించినవాళ్లకు మేలు జరిగింది. 2009 నాటి శ్రీలంక ట్రయల్‌లో ఎంజైమ్ కోలుకుంది గానీ మరణాలు తగ్గలేదు. ఆమె మొదట్లో అడిగిన చివరి ప్రశ్న ఎందుకో అప్పుడు తెలిసింది. ట్రయల్స్ అన్నీ కలిపి చూసే 2011 కొక్రేన్ రివ్యూ కూడా తేల్చడానికి ఆధారాలు చాలవనే చెప్పింది. "మరి పేషెంట్‌కి ఇవ్వాలా మేడం?" అంటే, "అది మీ ప్రొఫెసర్‌ గారిని అడగండి, నా పని కాదు" అన్నారు. ఆ మాట నాకు భలే నచ్చింది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇంతమంది పీజీలకు ఆమె ఒక్కరే. థీసిస్ ప్రోటోకాల్ గడువు దగ్గరపడితే క్యూ కట్టాల్సిందే. డ్యూటీ దిగి వెళ్లేసరికి చాలాసార్లు తాళం ఉంటుంది. డబ్బు కట్టి తెప్పించే జర్నల్స్ క్యాంపస్ నెట్ దాటితే తెరుచుకోవు, హాస్టల్‌లో అబ్‌స్ట్రాక్ట్‌తో సరిపెట్టుకోవాలి. శ్రీలంక పేపర్ ప్లాస్ మెడిసిన్ అనే ఓపెన్ జర్నల్‌ది కాబట్టి ఫ్రీగా దొరికింది, బతికిపోయాను.

పీపీటీ చేసిపెట్టమని మాత్రం వెళ్లకండి, చీవాట్లు పడతాయి. రిఫరెన్సులకు జొటెరో అనే సాఫ్ట్‌వేర్ నేర్పిస్తారు, అదీ ఫ్రీనే. ఫస్టియర్‌లోనే నేర్చుకోండి. థీసిస్ ప్రింటుకిచ్చే ముందు రాత్రి నంబర్లు చేత్తో దిద్దుకుంటూ కూర్చున్న సీనియర్లను చూశాను.