మా మిద్దె మీద డ్రిప్పు: ఐదేళ్లు వాడాక

పొద్దున ఆరింటికి తిరుపతిలో మా మిద్దె మీద ‘టక్’ మని చిన్న చప్పుడొస్తుంది. టైమర్‌లో వాల్వు తెరుచుకున్న చప్పుడది. ఒక నిమిషం పాటు ఏమీ జరగదు. పైపులో ఉన్న గాలంతా బుసబుసమని బయటికి పోయాక ఒక్కో కుండీలో ఒక్కో చుక్క మొదలవుతుంది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని ట్యాంకు పక్కన కూర్చుంటాను. ఆదివారమైతే పేపర్లో వచ్చిన గళ్ల నుడికట్టు కూడా ఒళ్లో ఉంటుంది. కొండ మీద ఎండ పడేలోపు నాలుగు గళ్లు నింపి, మళ్లీ ఆ చుక్కల వైపు చూస్తాను. ఐదేళ్లయినా ఈ పావుగంట మీద నాకు మోజు తీరలేదు. కాబట్టి ఇక్కడ కొంచెం పక్షపాతం ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా.

2020 లాక్‌డౌన్‌లో మొదలైంది మా మిద్దెతోట. పది కుండీలు చూస్తుండగానే నలభై అయ్యాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. పైన కొళాయి ఉన్నా నలభైసార్లు వంగి లేవడం ఆమెతో అయ్యే పని కాదు. నాకేమో ఆఫీసు. అందుకని కుండీలకు చుక్క చుక్కగా నీళ్లిచ్చే డ్రిప్పు కిట్టు తెప్పించాను. అందులో లావు పైపు, సన్న ట్యూబులు, వాటి చివర చుక్కలు వదిలే డ్రిప్పర్లు ఉంటాయని అందరికీ తెలుసు. వాటి గురించి రాయను.

కొనేముందు నాకెవరూ చెప్పని సంగతి మాత్రం రాస్తాను. ట్యాంకులో నీళ్లు 10 మీటర్ల ఎత్తున ఉంటే సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది. మా ట్యాంకు ఇనప స్టాండు మీద, కుండీల కంటే 2 మీటర్ల పైన ఉంది. అంటే 0.2 బార్, అంతే. నేను మొదట కొన్న టైమర్ సోలనాయిడ్ రకం, అంటే కరెంటు అయస్కాంతంతో పనిచేసే వాల్వు. తెరుచుకోవాలంటే నీళ్లు దాన్ని గట్టిగా నెట్టాలి. రోజూ ఆరింటికి టక్కుమనేది, చుక్క మాత్రం రాలేదు. దాన్ని వెనక్కి పంపి, లోపల బంతి తిరిగే బాల్ వాల్వు రకం తెప్పించాను. దానికి ఒత్తిడితో పని లేదు. డ్రిప్పర్లు కొనేటప్పుడు కూడా ఒత్తిడి చూసుకోవాలి. ఒత్తిడి ఎలా ఉన్నా ఒకే కొలతలో నీళ్లిస్తాయని కాస్త ఎక్కువ ధరకు అమ్మేవి మన ట్యాంకు నీళ్లకు సరిగ్గా పనిచేయవు. మామూలువే తీసుకోవాలి. వాటి మీద గంటకు 4 లీటర్లని రాసుంటుంది. పావు లీటరు స్టీలు గ్లాసు కింద పెట్టి చూస్తే నిండడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. అంటే గంటకు రెండు లీటర్లు కూడా లేదు. అందుకే మాకు పూటకు 25 నిమిషాలు. ఎండాకాలంలో రెండు పూటలు, మిగతా రోజుల్లో ఒక పూట.

ఇక నాకు నచ్చిందల్లా ఆ నిదానం. మగ్గుతో పోసినప్పుడు నీళ్లు పైన ఒక్క క్షణం నిలబడి, కుండీ అంచు వెంబడి జారి, మట్టిని కూడా తీసుకుని కింది చిల్లులోంచి వచ్చేసేవి. మిద్దె నిండా ఎర్రటి మరకలు, పాచి. పడకగదిలో పైకప్పుకు చెమ్మ కూడా ఎక్కింది. చుక్క చుక్కగా పడితే మట్టి ఎంత తాగగలదో అంతే తాగుతుంది. చేయి పెట్టి తవ్వి చూశాను, అడుగుదాకా తడి. చెమ్మ మళ్లీ రాలేదు. కరివేపాకు, పుదీన, గోంగూర, పచ్చిమిరపకాయలు పొయ్యి మీద బాణలి పెట్టాక పైకెళ్లి కోసుకొచ్చినా ఆలస్యం కాదు. సంగటిలోకి ఊరిబిండి నూరేటప్పుడు అప్పుడే కోసిన మిరపకాయ వాసన వేరుగా ఉంటుంది. ఆ రుచి కోసమైనా కిట్టు డబ్బులు గిట్టుబాటయ్యాయని అనుకుంటాను.

మొదటి ఏడాది చివర ఎవరడిగినా “పెట్టి మర్చిపోవచ్చు” అని చెప్పాను. రెండో ఏడాది ఏప్రిల్లో మదనపల్లిలో పెళ్లి ఉంటే అందరం ఆరు రోజులు వెళ్లాం. తిరిగొచ్చి పైకెళ్తే ట్యాంకు దగ్గరి వరుస అంతా బురద. చివరి వరుస అంతా ఎండు. దగ్గరి వరుసలో ఆరు ట్యూబులు తెగి ఉన్నాయి. మామూలుగానే ఒత్తిడి తక్కువ కదా, ఉన్న నీళ్లన్నీ ఆ ఆరు చోట్లే పోయాయి. చివర ఉన్నది అమ్మ మల్లె కుండీ. ఏప్రిల్ అంటే మల్లెకు పండగ. రోజూ సాయంత్రం రెండు మూరలు కట్టేది. ఆ మొగ్గలన్నీ గోధుమ రంగుకు తిరిగి, ముట్టుకుంటే రాలిపోతున్నాయి. అమ్మ ఏమీ అనలేదు. రాలినవన్నీ ఏరి చెంగులో వేసుకుంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ట్యూబు నాసిరకమనుకుని అమ్మినవాళ్లతో గొడవ పడ్డాను. కొత్త చుట్ట పంపారు. వారం తిరక్కుండానే అది కూడా తెగింది. ఎలుకలనుకున్నాను. ఒకరోజు సాయంత్రం నీళ్లు వదిలే వేళకు కదలకుండా కూర్చున్నాను. వేప కొమ్మ మీంచి ఉడుత దిగింది. టమాటా కుండీ అంచు మీద కూర్చుని, ట్యూబును మొక్కజొన్న కంకిలా రెండు చేతులతో పట్టుకుని ముందు పళ్లతో కొరికింది. సన్నటి నీటి తీగ ఎగిరి మూతి మీద పడింది. ఉలిక్కిపడి వెనక్కి జరిగి, మళ్లీ ముందుకొచ్చి నాకడం మొదలుపెట్టింది. ఎంత ఆత్రంగా తాగుతోందంటే, పక్కలు ఎగిసిపడటం నాకు కనిపిస్తోంది. పైపులో నీళ్లున్నాయని దానికి తెలుసు. ఆ ఎండలో చుట్టుపక్కల ఇంకెక్కడా లేవని కూడా తెలుసు.

నా కోపమంతా అక్కడే పోయింది. కిందికెళ్లి అమ్మకు చెప్పాను. “దప్పికైతా ఉండాది నాయనా దానికి. ఒక మూకుడులో నీళ్లు పెట్టు” అంది. వేప కొమ్మ కింద మట్టి మూకుడు పెట్టి, దాంట్లోకి కూడా ఒక డ్రిప్పర్ లాగాను. మా మిద్దె మీద అది నలభై ఒకటోది. పొద్దున సాయంత్రం చెట్లతో పాటు అదీ నిండుతుంది. ఉడుతలొస్తాయి, గోరింకలొస్తాయి, కాకి రొట్టె ముక్క తెచ్చి నానబెట్టుకుంటుంది. అమ్మ రెండ్రోజులకోసారి మూకుడు కడుగుతుంది. ట్యూబులు తెగడం దాదాపు ఆగిపోయింది. మేలో ఒకటో రెండో ఇప్పటికీ తెగుతాయి. ఈ కిట్టు వల్ల నేను ఎదురుచూడకుండా దొరికిన సంతోషం ఏదంటే ఆ మూకుడే.

ఇప్పుడు ఎవరడిగినా వారానికోసారి కుండీ కుండీ చూసుకోవాలనే చెప్తున్నాను. మా ఊరికి కాలువ ద్వారా వచ్చే తెలుగు గంగ నీళ్లతో ఇబ్బంది లేదు. బోరు నీళ్లు ట్యాంకుకు ఎక్కించిన నెలల్లో డ్రిప్పర్ మూతుల చుట్టూ సున్నం లాంటి తెల్లటి పొర కడుతుంది. మూడు నెలలకోసారి విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెడతాను. ఎండ తగిలే చోట తెల్ల ట్యూబు వేస్తే లోపల పాచి పడుతుంది, నల్లదే వేయాలి. కొండ మీంచి కోతులు దిగిన రోజు మాత్రం ఏ జాగ్రత్తా పనికిరాదు. పైపుల్ని తాడులా లాగి పారేస్తాయి.

టైమర్‌కు వాన సంగతి తెలియదు, అది ఇంకో బాధ. మా వైపు పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే. 2021 నవంబరులో తిరుపతి నీళ్లలో మునిగిన ఆ వారం, వీధిలో మోకాటి లోతు నీళ్లుంటే పైన ఆరింటికి వాల్వు తెరుచుకుంటూనే ఉంది. “ఇంత వానలో మళ్లా నీళ్లేందిరా, వేర్లు కుళ్లిపోతాయి” అని అమ్మ అరిస్తే గానీ నాకు గుర్తు రాలేదు. అప్పటికే పుదీన పోయింది. ఇప్పుడు మబ్బు పడితే ముందు బ్యాటరీలు తీసేస్తాను.

మల్లె కుండీ డ్రిప్పర్ పీకేశాను. కొమ్మలు కత్తిరించి ఎరువు వేస్తే మరుసటి ఎండాకాలానికి మళ్లీ పూసింది. దానికి అమ్మే రోజూ చెంబుతో పోస్తుంది. ఆ ఒక్క కుండీకైతే మోకాళ్లు అడ్డం రావంటుంది. కిట్టు పెట్టిన కొత్తలో పొద్దున్నే పైకొచ్చే పని లేక ఆమె ఎంత దిగాలుగా ఉండేదో నాకు ఆలస్యంగా అర్థమైంది.

మళ్లీ కొంటానా అంటే, ఈ ఇంట్లో, ఈ నలభై కుండీలతో, అమ్మ మోకాళ్లతో అయితే తప్పకుండా కొంటాను. పది కుండీలుండి, ఇంట్లో ఎవరో ఒకరు తీరిగ్గా ఉంటే అవసరం లేదేమో. అద్దె ఇల్లయితే ఓనర్ని అడిగి పైపులు పరచండి. ఏది కొన్నా ముందు టేపు తీసుకుని మిద్దెక్కి, ట్యాంకు అడుగు కుండీల కంటే ఎంత ఎత్తులో ఉందో కొలుచుకోండి. టైమర్ ఆ తర్వాతే.