లొట్టి కల్లు, పీపా బీరు: నల్లగొండ నుంచి సాగర్ దాకా రెండు రోజులు

బావ ఈసారి చికాగో నుంచి వస్తూ ఒకే ఒక్క సీసా తెచ్చాడు. అర లీటరు. అక్కడి బీరు కంపెనీ గూస్ ఐలాండ్ వాళ్ల బర్బన్ కౌంటీ స్టౌట్, 2022 నాటిది. బర్బన్ అనే అమెరికా విస్కీ పీపాల్లో నిలవ పెట్టిన నల్లటి, చిక్కటి బీరు. ఉన్ని సాక్సుల్లో దూర్చి, అక్క చీరల మడతల మధ్య పెట్టి మరీ తెచ్చాడు. విదేశాల నుంచి వచ్చేవాళ్లు మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు కాబట్టి విమానాశ్రయంలో ఎవరూ ఏమీ అడగలేదట. హైదరాబాద్‌లోనే తెరుద్దామన్నాను నేను. "వద్దు బామ్మర్దీ. ముందు మీ మామ ఊర్లో ఈత కల్లు తాగుదాం, ఆ తర్వాతే ఇది. ఒకదాని వెంట ఒకటి తాగితేనే తెలుస్తుంది" అన్నాడు. మన వైన్ షాపుల్లో ఎప్పుడూ దొరికే లాగర్లకు అలవాటు పడ్డ నాకు ఆ మాట అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు.

డిసెంబరు చివరి శుక్రవారం సాయంత్రం అక్క, బావ, నేను బయల్దేరాం. తాగే పని ఉన్న ప్రయాణం కాబట్టి డ్రైవర్‌ని మాట్లాడుకున్నాం. ఈ ఒక్క విషయంలో డబ్బుకు వెనకాడొద్దు.

మామ ఇంటికి రంగులు వేస్తున్నారని ఆ రాత్రికి నల్లగొండలో ఒక లాడ్జిలో దిగాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, అంతవరకు మంచిదే. వేడినీళ్లు ఇరవై నాలుగు గంటలూ వస్తాయని కౌంటర్ దగ్గర చెప్పారు, తెల్లవారుజామున నాలుగున్నరకు చూస్తే గీజరే పనిచేయడం లేదు. కింద ఫంక్షన్ హాలు ఉందన్న సంగతి ముందు చెప్పలేదు. రాత్రి ఒంటిగంట దాకా డీజే. నల్లగొండలో రూమ్ తీసుకునేవాళ్లు ఫోన్‌లోనే అడగండి, కింద గానీ పక్కన గానీ ఫంక్షన్ హాలు ఉందా అని.

ఆరు గంటలకల్లా మామ ఊరి ఈతవనంలో ఉన్నాం. చలి బాగా ఉంది. ఈత కల్లుకు చలికాలమే కాలం, ఎండలు ముదిరితే తాటి చెట్ల వంతు. గౌడన్న అప్పటికే చెట్టు మీద ఉన్నాడు. నడుముకు మోకు, దాని మీద ప్రభుత్వం 2024లో మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం బెల్టు. "మొదట్ల బరువనిపిచ్చింది, ఇప్పుడు అది లేకుంటే కాలు పైకి రాదు" అన్నాడు దిగుతూ. ఎంతమంది గీత కార్మికులు చెట్టు మీంచి పడి నడుములు విరగ్గొట్టుకున్నారో చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాణ్ని. ఆ బెల్టు చూస్తే కడుపు నిండినట్టయింది.

ఆయన రెండు లొట్లు, అంటే కల్లు పట్టే కుండలు, దించాడు. ఒకటి లోపల తెల్లగా సున్నం పూసింది. దాంట్లోది నీరా, సున్నం వల్ల పులియదు. అక్కకు అదే పోశాడు. నీళ్లలా పలచగా, తియ్యగా, కొస మీద పచ్చి కొబ్బరి వాసన. రెండోది సున్నం పూయనిది. ఏళ్ల తరబడి కల్లు తాగి తాగి నల్లబడ్డ లొట్టి. మోదుగాకు డొప్ప నా చేతికిచ్చి పైనుంచి వంచాడు. పాలలా తెల్లటి నురుగు, అందులో ఒకటి రెండు చీమలు, ఊది పక్కకు తోశాను. తీపి సగం, పులుపు సగం, నాలుక మీద చిన్న చురుకు. ఒకే ఈతవనంలో, అదే రాత్రి కారిన రసం. రెండింటికీ ఇంత తేడా రావడానికి కారణం లొట్టే. గాలిలోంచి, పాత లొట్టి గోడల్లోంచి వచ్చే ఈస్టు రాత్రంతా తీపిని తింటూ ఉంటుంది. బావ గుక్క మింగి చాలాసేపు మాట్లాడలేదు. "పొద్దెక్కినంక తాగితే ఇంత బాగుండది సార్, మాపటికైతే పుల్లగైతది" అన్నాడు గౌడన్న. సాగర్‌లో తెరవబోయే సీసా గురించి చెబితే ఆశ్చర్యపోయి, "నాకు గింత దాచుండ్రి" అన్నాడు. సరేనన్నాం.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. దారి పక్కన కాంపౌండ్లలో, డిపోల్లో సీసాలకు పోసి అమ్మే కల్లు జోలికి పోవద్దు. క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లు మన దక్షిణ తెలంగాణను, ముఖ్యంగా పాలమూరు పల్లెల్ని ఎంతగా పీల్చేసిందో అందరికీ తెలుసు. అలవాటు పడ్డవాళ్లకు ఒక్కసారి అది దొరక్కపోతే ఫిట్స్ వచ్చి ఆస్పత్రిలో పడతారు. మా దగ్గరి చుట్టాల్లోనే చూశాను. చెట్టు కింద నిలబడి, మీ కళ్లముందు దించిన లొట్టిలోంచి తాగండి. లేదంటే మానేయండి.

టిఫిన్ చేసి, మామ ఇంట్లో కాసేపు పడుకుని లేచి, పానగల్లు పోయాం. నల్లగొండ ఊరికి ఆనుకునే ఉన్న ఛాయా సోమేశ్వరాలయం కందూరు చోడుల కాలం నాటి త్రికూటాలయం. ఒక గర్భగుడిలో లింగం మీద పగలంతా నీడ పడుతూనే ఉంటుంది. మధ్యాహ్నం పోతే జనం తక్కువ, పూజారి ఓపిగ్గా చూపిస్తాడు. పక్కనే ఉన్న పచ్చల సోమేశ్వరాలయం కూడా చూడండి, స్తంభాల మీది శిల్పాలు చూడ్డానికే గంట పడుతుంది.

హాలియా మీదుగా సాగర్‌కు అరవై అయిదు కిలోమీటర్లు ఉంటుంది. పర్యాటక శాఖ వారి విజయ విహార్‌లో ఆ శనివారం గదులు దొరకలేదు. హిల్ కాలనీ దగ్గర ఒక ప్రైవేటు హోటల్‌లో దిగాం. గది పెద్దది, గీజరు నిజంగా పనిచేసింది, కుర్రాళ్లు మర్యాదగా ఉన్నారు. రూమ్ సర్వీసు మాత్రం మహా నెమ్మది, చేపల వేపుడు వచ్చేసరికి గంటంబావు. గదిలో మన సీసా తెరుచుకోవచ్చా అని ముందే అడిగాం, గొడవ చేయకుంటే ఫరవాలేదన్నారు. డ్యామ్ దగ్గర, జలాశయం ఒడ్డున మాత్రం ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. అక్కడ పగిలిన సీసా పెంకులు చూస్తే ప్రాణం ఉసూరుమంది.

సీసాను ఫ్రిజ్‌లోంచి తీసి ముప్పావు గంట బయట పెట్టాడు బావ. మామూలు బీరులా గడ్డకట్టే చల్లగా తాగితే దీని రుచి సగం దాక్కుంటుందట. పన్నెండు, పదమూడు డిగ్రీలుంటే సరి. మూత తీస్తే చిన్న చప్పుడు. హోటల్ వాళ్లు ఇచ్చిన పొడుగు గ్లాసులు పక్కన పెట్టి, టీ కప్పుల్లో రెండేసి వేళ్ల లోతు పోశాడు. నలుపు. దీపానికి ఎదురుగా పట్టినా అంచున కూడా వెలుగు దూరలేదు. నురుగు ముదురు టీ రంగులో లేచి నిమిషంలో అణిగింది. కప్పు వంచితే నూనెలా గోడను పట్టి మెల్లగా జారింది.

మొదటి గుక్కకు నాకు ఘాటే తెలిసింది. దాదాపు 14 శాతం ఆల్కహాల్, మన స్ట్రాంగ్ బీర్లకు రెండింతలకు దగ్గర. చేపల వేపుడు ముక్క తిని తాగితే కారం, ఘాటు కలిసి గొంతు మండింది. ఆ జోడీ వద్దు. పావుగంట ఆగి మళ్లీ తీసుకున్నాను. అప్పుడు తెరుచుకుంది. ముందు మాడిన వేరుశనగ, కాఫీ. వెంటనే ముదురు బెల్లం పాకం, ఎండు ఖర్జూరం. మింగాక ముక్కులోంచి వెనిల్లా, ఎండు కొబ్బరి. అత్తమ్మ కట్టిచ్చిన నువ్వుల అరిసె కొరికి గుటక వేస్తే, ఆ నువ్వులు, బెల్లం, ఈ నలుపు ఒకే వంటింట్లోంచి వచ్చినట్టు కలిసిపోయాయి. తాగని అక్క కూడా కప్పు వాసన చూసి, "పాకం పట్టే రోజు మా అమ్మ వంటింట్లో ఇదే వాసన" అంది.

ఆ కాఫీ వాసన బాగా మాడ్చి వేయించిన బార్లీ నుంచి. 18వ శతాబ్దంలో లండన్ బీరు తయారీదారులు రష్యా మహారాణి కేథరిన్ ఆస్థానానికి ఇలాంటి చిక్కటి స్టౌట్‌ను ఓడల్లో పంపేవారు, ఈ రకాన్ని ఇంపీరియల్ స్టౌట్ అనడం అక్కడి నుంచే వచ్చింది. వెనిల్లా, కొబ్బరి మాత్రం పీపావి. అమెరికా చట్టం ప్రకారం బర్బన్ విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే నిలవ పెట్టాలి, అందుకని ఒకసారి వాడిన పీపాలు బయటికి వస్తాయి. ఒక్కోటి దాదాపు 200 లీటర్లది. దాని చెక్కలో విస్కీ ఇంకి ఉంటుంది. అందులో స్టౌట్ పోసి నెలల తరబడి పెడితే, చికాగో ఎండకు చెక్క లోపలికి పీల్చుకుంటుంది, చలికి వదులుతుంది. బావ ఇది చెబుతుంటే నా కళ్లముందు పొద్దుటి నల్ల లొట్టే ఉంది. దానికి ఒక్క రాత్రి, దీనికి నెలలు. ముగ్గురికి సరిపోయే సీసాను ఇద్దరం రెండున్నర గంటలు తాగాం. అడుగున కొంచెం మిగిల్చి మూత బిగించాం.

ఆదివారం బుద్ధవనం చూశాం. 2022లో తెరిచిన 274 ఎకరాల ఆవరణ, మహాస్తూపం లోపల నిశ్శబ్దం చాలా నచ్చింది. నీడ తక్కువ, పొద్దున్నే పోండి. నాగార్జునకొండకు లాంచీ నీటిమట్టాన్ని, జనాన్ని బట్టి నడుస్తుంది, ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి. శుక్రవారం అక్కడి మ్యూజియం మూసి ఉంటుంది.

మాల్ అనే ఊరి మీదుగా వస్తే హైదరాబాద్ దగ్గరే, కానీ మాట ఇచ్చాం కాబట్టి మళ్లీ నల్లగొండ మీదుగానే వచ్చాం. గౌడన్న సాయంత్రం గీతకు కత్తి నూరుకుంటున్నాడు. సీసాలో మిగిలింది డొప్పలో పోస్తే, నోట్లో పెట్టుకుని కాసేపు కదలకుండా ఉన్నాడు. "మాడిన బెల్లం" అన్నాడు. ఆ తర్వాత, "మరి ఆ పీపా ఏం జేస్తరు?"

ఇంకోసారి వేరే బీరుకు వాడతారని, పస తగ్గాక పక్కన పెట్టేస్తారని చెప్పాడు బావ.

"మాది పలిగేదాక ఇదే లొట్టి" అని మోకు భుజాన వేసుకుని, గౌడన్న చెట్ల వైపు నడిచాడు.