కొండ రోడ్డు బాగోగులు ఎవరికి అప్పగిస్తే మేలు?

మన్యంలో ఒక ఊరికి రోడ్డు రావాలంటే ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకోవాలి, గర్భిణిని డోలీలో మోసుకొచ్చిన ఫొటో పత్రికలో పడాలి, అధికారులు కొండెక్కి రావాలి. అంత కష్టపడి వేయించుకున్న రోడ్డు నాలుగు వానాకాలాలు గడిచేసరికి రాళ్లు తేలి, అంచులు కోసుకుపోయి, జీపు ఎక్కలేని స్థితికి వస్తుంది. మళ్లీ డోలీయే గతి. కొత్త రోడ్డుకు శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. కాలువలో పూడిక తీసే పనికి ఇవేవీ లేవు కాబట్టి దాన్ని పట్టించుకునే నాయకుడు కూడా ఉండడు.

అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల్లోని కొండ రోడ్లను దృష్టిలో పెట్టుకుని ఈ పోలిక రాస్తున్నాను. వేసిన రోడ్డును చూసుకునే బాధ్యత కాంట్రాక్టరుకు వదిలేయవచ్చు, ఊరి శ్రమదానానికి వదిలేయవచ్చు, ఉపాధి హామీ పనుల్లో చేర్చవచ్చు, లేదా ఊరివాళ్లలోనే ఒక చిన్న బృందానికి కిలోమీటరు లెక్కన నెలనెలా డబ్బిచ్చి అప్పగించవచ్చు. నాలుగూ మన దేశంలోనో పక్క దేశాల్లోనో నడిచినవే.

ముందు రోడ్డు ఎలా పోతుందో చూద్దాం

కొండ రోడ్డును బండ్ల బరువు కన్నా నీళ్లే ఎక్కువ పాడుచేస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, అవి తగ్గగానే బంగాళాఖాతం తుఫాన్లు. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ అరకు కొండలను కూడా వదల్లేదు.

చింతపల్లి, పాడేరు వైపు కాఫీ తోటల్లో నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు పెంచుతారు. వాటి ఆకు రాలి కొండవైపు కాలువలో పడుతుంది. మొదటి పెద్ద వానకు అదంతా కొట్టుకొచ్చి కల్వర్టు (రోడ్డు కింద నీరు పోయే తూము) గొట్టం మూతి దగ్గర ఏదో ఒక కొమ్మకు చిక్కుకుంటుంది. ఆకు మీద మట్టి, మట్టి మీద గులకరాళ్లు చేరి కాసేపటికే మూతి మూసుకుపోతుంది. దారి దొరకని నీరు రోడ్డు మీదికెక్కి, చక్రాల గాడి పట్టుకుని దిగువకు పరుగు తీస్తుంది. వాలు పెరిగేకొద్దీ దాని వేగం పెరుగుతుంది. ప్రవాహ వేగం రెట్టింపైతే అది దొర్లించగల రాయి బరువు 64 రెట్లు పెరుగుతుందని జలశాస్త్రంలో ఒక పాత లెక్క ఉంది. తెల్లవారేసరికి చక్రాల గాడి కాస్తా మోకాటి లోతు గండి అవుతుంది.

ఆ కొమ్మను వాన మొదలైనప్పుడే ఒక మనిషి గునపంతో లాగేసి ఉంటే అది పది నిమిషాల పని. గండి పడ్డాక గ్రావెల్ తోలాలి, రోలర్ ఎక్కాలి, అంచనాలు వేయాలి, టెండరు పిలవాలి. కాబట్టి నా కొలబద్ద ఒక్కటే: ఆ పది నిమిషాల పని జరగాల్సిన వేళకు పార పట్టుకుని ఎవరు అక్కడ ఉంటారు?

కాంట్రాక్టరు

2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో ఒక మంచి షరతు ఉంది. రోడ్డు వేసిన కాంట్రాక్టరే అయిదేళ్లపాటు దాన్ని నిర్వహించాలి. అందుకయ్యే ఖర్చును కూడా టెండరులోనే కోట్ చేయాలి. ఈ చెల్లింపుల కోసం తర్వాత ఈ-మార్గ్ అనే ఆన్‌లైన్ పద్ధతి తెచ్చారు. రోడ్డు ఏ స్థితిలో ఉందో ఇంజినీరు ఫొటోలతో నమోదు చేశాకే బిల్లు కదులుతుంది. కాగితం మీద వంక పెట్టడానికి లేదు.

చిక్కు దూరంలో ఉంది. కాంట్రాక్టరు ఉండేది నర్సీపట్నంలోనో విశాఖలోనో. ఒక్కో కల్వర్టు మూతి శుభ్రం చేయడానికి అంత దూరం నుంచి కూలీలను పంపితే అతనికి గిట్టుబాటు కాదు. అందుకని వానలు తగ్గాక ఒక జేసీబీని పంపి, ఏడాది పని ఒక్క రోజులో ముగించాలని చూస్తాడు. అది మరో తంటా. జేసీబీ బకెట్ కాలువలో పూడికతో పాటు కొండవాలు అడుగున ఉన్న గడ్డిని, మట్టిని కూడా గీకేస్తుంది. పాదం తెగిన వాలు మరుసటి ఏడు వానకు జారి అదే కాలువలో పడుతుంది. తీసిన మట్టిని లోయవైపు అంచు మీదుగా దొర్లించేస్తారు. అది కింద పొలాన్నో గెడ్డనో పూడుస్తుంది.

అయినా కాంట్రాక్టరును పూర్తిగా పక్కన పెట్టలేం. కొండచరియ విరిగి వందల బండ్ల మట్టి రోడ్డుకు అడ్డం పడితే యంత్రం కావాల్సిందే. కల్వర్టు కూలితే, రక్షణ గోడ ఒరిగితే అది తట్టా పారలతో అయ్యే పని కాదు. తడిసి జారుతున్న వాలు కింద ఊరివాళ్లను నిలబెట్టి పని చేయించడం ప్రమాదం కూడా.

శ్రమదానం

వినడానికి అందంగా ఉండే మాట. 2020లో సాలూరు మండలంలో గిరిజనులు తలా కొంత వేసుకుని తామే రోడ్డు వేసుకున్న సంగతి దేశమంతా చెప్పుకుంది, అభినందనలు కురిశాయి. నాకు మాత్రం ఆ అభినందనలు కొంచెం ఎబ్బెట్టుగానే తోచాయి. పట్నంలో మన వీధి రోడ్డును మనమే చందాలు వేసుకుని బాగుచేసుకోవాలని ఎవరైనా అంటే ఊరుకుంటామా?

ఈ కొండల్లో రోడ్డు పనికీ ఉచిత శ్రమకూ ఒక చరిత్ర ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాంలో నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేసిన రోడ్డు పనుల్లో గిరిజనుల చేత చాలీచాలని కూలికి, బలవంతంగా చాకిరీ చేయించారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో మొదలైన అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఆ రోడ్డు చాకిరీ ఒకటి. ఊరి పెద్ద మాటకు తలొగ్గి ఇంటికో మనిషి పనికి రావాల్సిందే అనే శ్రమదానానికీ వెట్టికీ మధ్య గీత చాలా సన్నం.

న్యాయం సంగతి అలా ఉంచినా లెక్క కూడా కుదరదు. రోడ్డు బాగుంటే ఎక్కువ లాభం జీపు ఉన్నవాడికి, కాఫీ, మిరియాలు బాగా పండించేవాడికి. రోజు కూలి మీద బతికే ఇంటికి ఒక రోజు శ్రమదానం అంటే ఒక రోజు తిండి. పైగా శ్రమదానం ఉత్సాహం మీద నడుస్తుంది. తుఫాను మరునాడు అడ్డంగా పడ్డ చెట్టును తొలగించడానికి ఊరంతా కదులుతుంది. జులైలో ప్రతి వారం కాలువ చూసి రమ్మంటే రెండో వారానికి సగం మంది కూడా ఉండరు, అందుకు వాళ్లను తప్పుపట్టలేం కూడా.

ఉపాధి హామీ పని

కూలి డబ్బు చేతికొస్తుంది, పని ఊళ్లోనే, ఆడవాళ్లకూ సమానంగా దొరుకుతుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కాంట్రాక్టర్లకు చోటివ్వలేదు, కూలీకి, సామగ్రికి 60:40 నిష్పత్తి పెట్టింది. మట్టి రోడ్లకు, కందకాలకు, రాతికట్టులకు ఆ చట్రం బాగా సరిపోతుంది. వేసవిలో కాలువలన్నీ ఒక్కసారిగా లోతు చేయాలన్నా, వాగు మళ్లింపులకు రాళ్లు పేర్చాలన్నా దీన్ని మించింది లేదు.

పనులు ఎక్కువగా సాగేది వేసవిలో. రోడ్డుకు మనిషి అవసరం పడేది వానలో. అంచనా, మంజూరు, మస్టరు (కూలీల హాజరు పట్టీ), కొలతలు... ఇవన్నీ అయ్యాక పార ఎత్తాలి. రాత్రి కురిసిన వానకు మూసుకుపోయిన గొట్టం మస్టరు వచ్చేదాకా ఆగదు కదా. ఇంకో లోపం: ఇక్కడ డబ్బు తవ్విన మట్టి కొలతను బట్టి వస్తుంది. ఎంత ఎక్కువ పూడిక ఉంటే అంత ఎక్కువ పని. పూడిక పడకుండా చూసినవాడికి రాబడి లేదు.

కిలోమీటరు లెక్కన ఊరి బృందం

దీనికి పేరున్న ఉదాహరణ పెరూ. కొలంబియాలో 1980ల్లో పుట్టిన పద్ధతిని ఆండీస్ కొండల్లోని గ్రామీణ రోడ్ల కోసం 1995 నుంచి పెరూ పెద్ద ఎత్తున అమలు చేసింది. రోడ్డు పక్క ఊళ్లవాళ్లే చిన్న సంస్థగా ఏర్పడతారు. ఏడాది పొడవునా తమ వంతు రోడ్డు చూసుకుంటారు. ఎన్ని రోజులు పని చేశారన్నది ఎవరూ అడగరు. కాలువ తెరిచి ఉందా, గుంతలు పూడ్చి ఉన్నాయా, పొదలు దారి మీదికి రాకుండా ఉన్నాయా అని తనిఖీ చేస్తారు. ఉంటే నెల సొమ్ము పూర్తిగా వస్తుంది, లేకపోతే కోత పడుతుంది. పూడిక పడకపోతేనే బృందానికి సుఖం. ఉపాధి పనిలో ఉన్న తిరకాసు ఇక్కడ తలకిందులవుతుంది, నాకు నచ్చింది అదే.

మన దేశంలోనూ ఉత్తరాఖండ్, హిమాచల్ ప్రదేశ్, మధ్యప్రదేశ్‌లలో సడక్ యోజన రోడ్ల పక్క పనులను మహిళా సంఘాలకు అప్పగించి చూశారు. తారు జోలికి పోకుండా కాలువలు, బెర్ములు (తారు పక్కన ఉండే మట్టి అంచులు), కల్వర్టులు, పొదలు వాళ్లు చూసుకుంటారు. పొదుపు సంఘాల్లో మనకున్నంత అనుభవం వేరేవాళ్లకు తక్కువే. బ్యాంకు ఖాతా, తీర్మానాల పుస్తకం, గ్రామ సమాఖ్య అన్నీ ముందే ఉన్నాయి. అయినా మన రోడ్ల నిర్వహణలో వాళ్లకు చోటు ఇవ్వడానికి ఎందుకంత తాత్సారమో అర్థం కాదు. లేదా, టెండర్ల లోకం సంగతి తెలిసినవారికి బాగానే అర్థమవుతుంది.

బలహీనతలు లేవని కాదు. బృందం నాయకుడో అతని బంధువులో డబ్బు నొక్కేయవచ్చు. రెండు ఊళ్ల సరిహద్దులో ఉన్న కల్వర్టు ఎవరిదీ కాకుండా పోవచ్చు. క్వారీ టిప్పర్లు తిరిగే రోడ్డును ఏ బృందమూ నిలబెట్టలేదు. అది ముందే తేల్చుకోవాలి.

గోడా, గడ్డా?

మట్టి కోత ఆపడానికి అధికారుల తొలి ఆలోచన ఎప్పుడూ కాంక్రీటు గోడే. అది ఖరీదైనది. నీరు పోయే రంధ్రాలు సరిగా పెట్టకపోతే వెనక నీరు నిలిచి గోడనే తోసేస్తుంది. ఇనుప వలలో రాళ్లు నింపే గేబియన్ కొంత నయం. నీటిని వదులుతుంది, నేల కాస్త కుంగినా ఒంగి సర్దుకుంటుంది.

ఊరివాళ్ల చేతుల్లో ఉన్నవి పొడి రాతికట్టు, గడ్డి. వాలు కాలువలో అడ్డంగా చిన్న రాతికట్టులు కడితే నీటి వేగం తగ్గుతుంది. కట్టు మధ్య భాగం పక్కల కన్నా పల్లంగా ఉండాలి. లేదంటే నీరు పక్కలు కోసుకుని పోతుంది. కట్టు దాటి నీరు దూకే చోట నాలుగు బల్లపరుపు రాళ్లు పరవాలి. పైకట్టు పాదం, కింది కట్టు తల ఒకే మట్టంలో ఉండేలా దూరం చూసుకోవాలి. వాలు ఎక్కువైతే కట్టులు దగ్గరగా వస్తాయి. రాయి అక్కడే దొరుకుతుంది, పేర్చే నేర్పు కొండ పొలాలకు గట్లు వేసుకునేవాళ్లకు కొత్త కాదు.

గడ్డి విషయానికొస్తే, ప్రపంచమంతా వట్టివేరు పేరు చెబుతుంది. వేళ్లు నిట్టనిలువుగా మూడు, నాలుగు మీటర్లు దిగుతాయి, అడ్డంగా వరుసలో నాటితే మట్టిని గోడలా ఆపుతుంది. కానీ ఆ వేళ్లకు మార్కెట్లో ధర ఉంది. ధర ఉన్న వేరును తవ్వకుండా వదిలేయమని పేదవాడికి చెప్పడం కష్టం, తవ్వితే వాలే పోతుంది. అందుకే మన్యంలో నా మొగ్గు కొండ చీపురుకు. వేళ్లు అంత లోతుకు పోకపోయినా దుబ్బు గుబురుగా అల్లుకుని పైమట్టిని పట్టేస్తుంది. కంకులు కోసి చీపుర్లు కట్టి సంతలో అమ్ముకున్నా దుబ్బు నేలలోనే ఉంటుంది. పీకకుండా కొడవలితో కోయాలన్న కట్టడి ఒక్కటి చాలు. నేపాల్‌లో ఇదే మొక్కను అమ్రిసో అంటారు. అక్కడి కొండ రోడ్ల వాలుల మీద నాటి, చీపుర్లు అమ్ముకుంటున్నారు. అదే నేపాల్‌లో మనుషుల చేత్తో, తవ్విన మట్టిని పారబోయకుండా మెల్లగా వేసే 'హరిత రోడ్ల' పద్ధతి నడిచింది. 2017 స్థానిక ఎన్నికల తర్వాత ఊరూరా డోజర్లు దిగి కొండలను అడ్డదిడ్డంగా కోసేసరికి చరియలు విరగడం పెరిగిందని అక్కడి ఇంజినీర్లే మొత్తుకుంటున్నారు.

అయితే ఏది?

రోజువారీ బాగోగులు ఊరి బృందానికే ఇవ్వాలి. కాంట్రాక్టరు అయిదేళ్ల ఒప్పందం నుంచి కాలువ, బెర్ము, కల్వర్టు శుభ్రత పనులను విడదీసి, ఆ మేరకు సొమ్మును సమాఖ్య ఖాతాకు మళ్లించాలి. తారు, గోడలు, పెద్ద చరియలు కాంట్రాక్టరు దగ్గరే ఉంచాలి, జేసీబీ కాలువలో దిగకూడదన్న షరతుతో. వేసవిలో ఒకసారి జరగాల్సిన పెద్ద పనులు ఉపాధి కింద చేయించాలి. శ్రమదానాన్ని తుఫాను మరునాటికి వదిలేద్దాం. తనిఖీలో ఇంజినీరుతో పాటు గ్రామసభ తరఫున ఒకరుండాలి. షెడ్యూల్డు ప్రాంతంలో గ్రామసభకు 1996 నాటి పెసా (షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల) చట్టం అండ ఎలాగూ ఉంది.

ఒక చిక్కు మిగులుతుంది. రోడ్డుకు మనిషి ఎక్కువ అవసరమయ్యే జులై, ఆగస్టులే నాట్ల కాలం కూడా. అందుకే ఇంటికొకరు అనే పద్ధతి వద్దు. ఏడాది పొడవునా ఇదే పనిగా ఉండే కొద్దిమందిని పెట్టి, నాట్ల కూలికి తగ్గకుండా ఇవ్వాలి. బిల్లు ఆరు నెలలు ఆగినా కాంట్రాక్టరు అప్పు తెచ్చి నెట్టుకొస్తాడు. బృందంలోని మనిషికి రెండో నెల డబ్బు రాకపోతే మూడో నెల నాట్లకు పోతుంది, పోవాలి కూడా. వానాకాలం నాలుగు నెలల సొమ్మును మే నెలాఖరులోపే సమాఖ్య ఖాతాలో వేసి, అక్కడి నుంచి నెలనెలా తనిఖీ చూసి విడుదల చేయించుకునే ఏర్పాటు లేకుండా ఈ పద్ధతిని మొదలుపెట్టకపోవడమే మంచిది.