నాసిక్ మేలా, నంది హిల్స్ మేలా? ద్రాక్షతోటల విడిదికి బయలుదేరే ముందు

ధనుర్మాసం వచ్చిందంటే విజయవాడ, గుంటూరుల్లోని మిత్రులూ పాఠకులూ నన్ను ఏటా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. సంక్రాంతి తర్వాత మూడు నాలుగు రోజులు ద్రాక్షతోటల మధ్య గడిపి, వైన్ తయారీ చూసి, కాస్త రుచి చూసి రావాలంటే నాసిక్ వెళ్లాలా, బెంగుళూరు దగ్గరి నంది హిల్స్ ప్రాంతానికి వెళ్లాలా? అడిగేవారిలో చాలామంది గదుల అద్దెలు, రైలు టికెట్లు, దూరాలు ముందే చూసుకుని ఉంటారు కాబట్టి ఆ లెక్కలను నేను మళ్లీ ఏకరువు పెట్టను. వారు సాధారణంగా చూడనిదీ, నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూడవలసినదీ ఒకటుంది: మీరు వెళ్లే వారంలో తీగ మీద ఏముంటుందన్న సంగతి.

చలిదేశాల్లో ద్రాక్షతీగ శీతకాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో చిగురిస్తుంది, ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా కోతకు వస్తుంది. మన దక్కను పీఠభూమి మీద తీగకు ఆ నిద్ర లేదు. దాని మానాన వదిలేస్తే ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటుంది, పండు వానల్లో చిక్కుకుంటే బూజు తెగులు పట్టి చేతికి రాదు. అందుకని ఇక్కడి రైతులు ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో చేసే మొదటి కత్తిరింపు కొత్త కొమ్మలు బలంగా రావడానికి, వానలు వెనకపట్టాక సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చేసే రెండోది కాయ కోసం. ఈ రెండో కత్తిరింపు తర్వాతే పూత, పిందె వస్తాయి. డిసెంబరులో గుత్తులు ఇంకా పచ్చిగా, గట్టిగా ఉంటాయి. కోత జనవరిలో అందుకుని మార్చి దాకా సాగుతుంది. పగటి ఎండ పండులో చక్కెర పెంచుతుంటే రాత్రి చలి పులుపు తగ్గిపోకుండా కాపాడుతుంది, మంచి వైన్‌కు ఈ రెండూ కావాలి.

ఇప్పుడు దీన్ని మన సెలవుల పక్కన పెట్టి చూడండి. దసరా సెలవుల్లో వెళితే అప్పుడే కత్తిరించిన మోడు కొమ్మలు వరుసలుగా కనిపిస్తాయి. వేసవి సెలవుల్లో వెళితే ఎండలో కొత్త చిగుళ్లు తప్ప ఏమీ ఉండవు. వానాకాలంలో నాసిక్ చుట్టూ కొండలు పచ్చబడి జలపాతాలు దూకుతుంటాయి, చూడముచ్చటగా ఉంటుంది, కానీ అది తోటలో ఆకు పెరిగే కాలమే తప్ప పండు కాలం కాదు. సంక్రాంతి నుంచి శివరాత్రి వరకు ఉన్న ఆ కొద్ది వారాల్లోనే పండిన గుత్తి, కోత కోసే కూలీలు, పండును నలిపే యంత్రం, పొంగుతున్న తొట్టి ఒకేచోట కనబడతాయి. మిగతా పది నెలలూ మీరు చూడగలిగేది స్టీలు తొట్లు, సీసాలు, ఒక మంచి భోజనశాల. వాటి కోసం అంత దూరం వెళ్లనక్కర్లేదని నా గట్టి అభిప్రాయం.

ఆ వారాల్లో కూడా ఒక క్రమం ఉంది. నురగ వైన్‌కు చక్కెర తక్కువగా, పులుపు ఎక్కువగా ఉన్న పండు కావాలి కనుక దాన్ని అందరికంటే ముందు కోస్తారు. తర్వాత షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్ వంటి తెల్ల రకాలు వస్తాయి. షిరాజ్, కాబెర్నే వంటి నల్ల రకాలు చివరిదాకా తీగ మీదే ఉంటాయి. నల్ల ద్రాక్ష రసానికి రంగు వచ్చేది తొక్క నుంచే కాబట్టి ఎర్ర వైన్‌ను తొక్కతో సహా పులియబెడతారు, తెల్ల వైన్‌కు రసాన్ని ముందే పిండి వేరుచేస్తారు. గుంటూరు వారికి కోత వేళ విలువ నేను చెప్పనక్కర్లేదు: ఒకే చేలో తొలి కోత మిర్చికీ చివరి కోత మిర్చికీ రంగులో, నాణ్యతలో ఎంత తేడా ఉంటుందో యార్డు ముఖం చూసిన ప్రతివారికీ తెలుసు, ద్రాక్షలోనూ కోత కొద్ది రోజులు ముందు జరిగిందా వెనక జరిగిందా అన్నదాన్ని బట్టి వైన్ స్వభావమే మారిపోతుంది. తెల్ల రకాల కోత, నల్ల రకాల కోత రెండూ చూడాలనుకునేవారికి ఫిబ్రవరి మొదటి పక్షం అన్నిటికంటే అనుకూలమని నేను చెబుతాను.

ఈ కొలతతో చూస్తే నాసిక్ వైపే నా మొగ్గు. అక్కడ వైన్ పరిశ్రమ మరీ పాతదేమీ కాదు. రాజీవ్ సామంత్ స్థాపించిన సూలా తోటల తొలి వైన్ 2000లో వచ్చింది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం ప్రకటించాక చుట్టుపక్కల మరిన్ని వైనరీలు వెలిశాయి. వాటిలో కొన్ని మూతపడ్డా, నిలిచినవి ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. గంగాపూర్ జలాశయం వైపు సావర్‌గావ్ రోడ్డు మీద సూలా, దానికి కొద్ది దూరంలోనే యార్క్, సోమా ఉన్నాయి. ఉత్తరాన దిండోరిలో షాండన్, ముంబయి వైపు ఇగత్‌పురి దారిలో వల్లోన్ ఉన్నాయి. నాసిక్ చిన్న ఊరు కాదు, పెద్ద నగరమే, కాబట్టి చిన్న ఊరి నెమ్మది కోరుకునేవారు నగరం మధ్యలో కాక గంగాపూర్ జలాశయం ఒడ్డునో, ఇగత్‌పురి వైపో గది తీసుకోవాలి. అప్పుడు ఉదయం ఒక తోట, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం మరొక తోట చూడడానికి వీలవుతుంది. ఒకే నేలలో, ఒకే ఏడు పండిన ఒకే రకం ద్రాక్షను ఇద్దరు ముగ్గురు వేర్వేరుగా ఎలా మలిచారో ఒకదాని వెంట ఒకటి రుచి చూస్తేనే ఈ ప్రయాణం సార్థకమవుతుంది, ఒక్క వైనరీ చూసి వచ్చేవారికి ఆ పోలిక దొరకదు.

వైన్ ముట్టని పెద్దలు వెంట ఉన్నా నాసిక్‌లో ఇబ్బంది లేదు, నిజానికి చాలా తెలుగు కుటుంబాలకు అదే నిర్ణయాన్ని సులువు చేస్తుంది. రాజమండ్రిలో మనం చూసే గోదావరి పుట్టిన బ్రహ్మగిరి, 12 జ్యోతిర్లింగాల్లో ఒకటైన త్ర్యంబకేశ్వరం నాసిక్‌కు సుమారు 30 కిలోమీటర్లలో ఉన్నాయి. పంచవటి, రామకుండం నగరంలోనే ఉన్నాయి. అత్తమామలను ఉదయం త్ర్యంబకానికి తీసుకెళ్లి, మధ్యాహ్నం తోటకు రావచ్చు. రుచి చూసే గదుల్లో కుటుంబాలు, ఆడవాళ్లు, పిల్లలు కనిపించడం అక్కడ మామూలే, మన ఊళ్లలో వైన్ షాపు ముందు ఉండే వాతావరణాన్ని మనసులో పెట్టుకుని వెనకాడవద్దు. షిర్డీ అక్కడికి 90 కిలోమీటర్ల లోపే. కాకినాడ నుంచి విజయవాడ మీదుగా సాయినగర్ షిర్డీ వెళ్లే రైలు గానీ, నర్సాపూర్–నాగర్‌సోల్ రైలు గానీ మన ప్రాంతంలో చాలా ఇళ్లకు పరిచితమే, బాబా దర్శనం చేసుకుని అక్కడి నుంచి కారులో నాసిక్ చేరడం మనవారికి తేలికైన మార్గం. వయసు పైబడినవారితో వెళ్లేవారు మాత్రం శివరాత్రి నాడే త్ర్యంబకంలో ఉండాలన్న పట్టుదల లేకపోతే ఆ రెండు మూడు రోజులు తప్పించుకోవడం మంచిది. 2015 తర్వాత మళ్లీ వస్తున్న సింహస్థ కుంభమేళా 2026 చివర్లో ఆరంభమై 2027లో ముమ్మరమవుతుంది, ఆ కాలంలో వెళ్లేవారు గదులు చాలా ముందుగా చూసుకోవాలి.

నంది హిల్స్ పక్షాన చెప్పవలసినది తక్కువేమీ కాదు. కన్వల్ గ్రోవర్ 1988లో ఈ కొండల పాదాన, దొడ్డబళ్లాపురం దగ్గర ఫ్రెంచి ద్రాక్ష రకాలు నాటించినప్పుడు సూలా ఊహలో కూడా లేదు, పాతతనం చూస్తే గౌరవం ఇక్కడికే దక్కాలి. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న నేల కనుక ఎండ తీవ్రత తక్కువ, కోత నాసిక్ కంటే సాధారణంగా కొంత ఆలస్యం. మనకు చేరువ కూడా ఇదే. గన్నవరంలో విమానం ఎక్కితే దేవనహళ్లిలో దిగిన గంటలోపే తోట దగ్గర ఉంటారు. రైలులో అయితే గుంటూరు, నంద్యాల, ధర్మవరం మీదుగా వెళ్లే ప్రశాంతి, కొండవీడు ఎక్స్‌ప్రెస్‌లు హిందూపురం దారినే బెంగుళూరు చేరతాయి, హిందూపురంలో దిగి లేపాక్షి చూసుకుని కారులో వెళ్లేవారూ ఉన్నారు. కొండ పాదాన ఉన్న భోగనందీశ్వరాలయం, కొంచెం పక్కనున్న ఘాటి సుబ్రహ్మణ్య క్షేత్రం పెద్దలకు నచ్చుతాయి. లోపమల్లా ఒకటే: అక్కడ ప్రధానంగా చూసేది గ్రోవర్ వారి వైనరీ ఒక్కటే. తోట చూసి, రుచి చూసి, భోజనం చేసేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆ తర్వాత చాలామంది బెంగుళూరు రద్దీలోకి తిరిగి వస్తారు. ద్రాక్షతోటల ఊరిలో రాత్రి నిద్రించి, తెల్లవారుజామున చలిలో కోత మొదలవడం చూసే అనుభవం దాంతో పోతుంది. ఒక్క రోజే వ్యవధి ఉన్నవారికీ, ఎలాగూ పని మీద బెంగుళూరు వెళ్లేవారికీ నంది హిల్స్ చాలా మంచిది. సెలవు మొత్తాన్నీ దీనికే కేటాయించేవారికి అది చాలదు.

గుంటూరు మిర్చి వ్యాపారుల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే నన్ను అడిగేవారిలో వారు తక్కువమంది కారు. ద్రాక్ష కోత, మిర్చి రాక ఒకే కాలంలో పడతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో యార్డు వదిలి కదలడం వారికి సాధ్యం కాదు, తీరిక దొరికేది యార్డుకు వేసవి సెలవులిచ్చే మే నెలలో. వారు సంక్రాంతి సెలవుల్లోనే నాసిక్ వెళ్లిరావడం ఉత్తమం, తెల్ల రకాల కోత అప్పటికి అందుకుంటుంది. మే నెలే మిగిలితే నాసిక్ ఎండకు వెళ్లకండి, నంది హిల్స్‌కే వెళ్లండి. గుత్తులు లేకపోయినా చల్లదనమైనా దక్కుతుంది.

మిగిలిన చోట్లను గురించి రెండు మాటలు. సోలాపూర్ జిల్లాలోని అక్లుజ్ దగ్గర ఫ్రాటెల్లి వారి తోటలున్నాయి. విజయవాడ మీదుగా వెళ్లే కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో సోలాపూర్ దిగవచ్చు, పండరిపురం దారిలోనే కలుస్తుంది, ప్రశాంతతే ముఖ్యమైనవారు ఆలోచించవచ్చు. హంపి కొండల్లో తెలుగువారైన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతుల క్రిస్మా తోట ఉంది. అమరావతి ఎక్స్‌ప్రెస్ మిమ్మల్ని హోసపేటలో దించుతుంది, కానీ ముందుగా రాసి అనుమతి తీసుకోకుండా ఆ తోట కోసమని బయలుదేరకండి. ఇంట్లో ఎవరికీ వైన్ మీద ఆసక్తి లేకపోతే అరకు కాఫీతోటలు చాలు.

నాసిక్ అని తేల్చుకున్నవారు గది కంటే ముందు కారును, డ్రైవరును మాట్లాడుకోవాలి. రుచి చూసినవారు బండి నడపకూడదు, కొద్దిగానే తాగామన్న మాట ఇక్కడ చెల్లదు. తోటల మధ్య ఆటోలు రోడ్డు మీద సులువుగా దొరకవు. స్వెట్టర్లు తప్పనిసరి, జనవరి రాత్రుల్లో అక్కడి చలి పది డిగ్రీల దగ్గరికి వస్తుంది. శని, ఆదివారాల్లో ముంబయి, పుణె జనం వచ్చిపడతారు, ఫిబ్రవరిలో సూలాఫెస్ట్ జరిగే రోజుల్లో గది దొరకడమే కష్టం, కాబట్టి సోమవారం నుంచి గురువారం మధ్య పెట్టుకోండి. జనవరి 26 కలిసి వచ్చిందని సెలవులు కూర్చుకునేవారు ఆ రోజు మద్యం అమ్మకాలకు సెలవన్న సంగతి గుర్తుంచుకుని, ఆ ఒక్క రోజును త్ర్యంబకేశ్వరానికి కేటాయించుకోవాలి. సీసాలు వెంట తెచ్చుకోదలచినవారు రాష్ట్రం దాటించే పరిమితి ఎంతో ఎక్సైజ్ శాఖ వారిని బయలుదేరే ముందే అడిగి తెలుసుకోవాలి.