235 అని రాసిన టైరు నా బొలెరో కింద నిజంగా ఎంత?

అనంతపురం, తాడిపత్రి మధ్య తిరిగే నా బొలెరోకి 235/75 ఆర్15 ఏటీ (ఆల్ టెరైన్, అంటే రోడ్డుకీ మట్టిదారికీ పనికొచ్చే) టైర్లు వేయించి బాగానే నడిపాను. ఇప్పుడు మార్చే దశకొచ్చాయి. పట్టు, మన్నిక, శబ్దం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వాటిని ఒక్క ముక్కలో తేల్చేస్తాను. ఎర్రమట్టిలో, గుండ్రాళ్లలో బాగున్నాయి. తడిసిన నల్లరేగడిలో ఏ ఏటీ టైరైనా చేతులెత్తేయాల్సిందే. రోడ్డు మీద రొద సగం అరిగాక పెరిగింది. నేను రాయాలనుకున్నది సైజు గురించి. టైరు మీద ఉన్న అంకె వేరు, బండి కింద బరువు మోస్తూ తిరిగే టైరు వేరు. టేపు పట్టుకుని చూస్తే తప్ప ఆ తేడా తెలియదు.

ముందు లెక్క చూద్దాం. బండితో వచ్చిన 215/75 ఆర్15 టైరు ఎత్తు లెక్క ప్రకారం 703.5 మి.మీ. 215 మి.మీ. వెడల్పులో 75 శాతం సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ ఎత్తు, అది పైనా కిందా కలిపి రెండుసార్లు, దానికి 15 అంగుళాల రిమ్ అంటే 381 మి.మీ. కలుపుకోవాలి. అదే పద్ధతిలో 235/75 ఆర్15 అయితే 733.5. తేడా 30 మి.మీ. బండి లేచేది అందులో సగమే, 15 మి.మీ. టైర్లు మారిస్తే బండి రెండంగుళాలు లేస్తుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

కొత్తవి బిగించాక జాకీ మీద లేపి కొలిస్తే 729 వచ్చింది. ఇందులో మోసమేమీ లేదు. తయారీలో కాస్త అటూ ఇటూ ఉండటానికి ప్రమాణాలే ఒప్పుకుంటాయి. బ్రాండు పేరు చెప్పడం లేదు, చెప్పినా పెద్ద ఉపయోగం ఉండదు. ఒకే కంపెనీలో ఒకే సైజు ఏటీ, ఎంటీ (బురద కోసం చేసిన రకం) పక్కపక్కన పెట్టినా బటన్ (నేలకు ఆనే దిమ్మలు) లోతు వేరు కాబట్టి ఎత్తు వేరుగా వస్తుంది.

వెడల్పు దగ్గర కథ ఇంకా ఉంది. 235 అనేది నేలకు ఆనే భాగం కొలత అని చాలామంది అనుకుంటారు. అది సైడ్‌వాల్ నుంచి సైడ్‌వాల్‌కి, ఉబ్బిన చోట తీసే కొలత. పైగా దానికి ప్రమాణంగా తీసుకునే రిమ్ ఒకటి ఉంటుంది, ఈ సైజుకి అది 6.5 అంగుళాలు. నా రిమ్ 6 అంగుళాలది. రిమ్ అర అంగుళం తగ్గితే టైరు సుమారు 5 మి.మీ. సన్నబడుతుంది. రెండు మట్టపలకలు అటూ ఇటూ ఆనించి కొలిస్తే నాకు 231 వచ్చింది. అక్షరాలు, రాళ్ల దెబ్బ తగలకుండా పక్కన పోసిన గుబ్బల మీద కొలిస్తే మళ్లీ 238. ప్రమాణం లెక్కలో ఆ ఉబ్బెత్తులు రావు, కానీ మడ్‌గార్డుకి తగిలేది అవే. నా బండికి స్టీరింగ్ ఫుల్ కట్ కొట్టినా ఎక్కడా రాసుకోలేదంటే సగం పుణ్యం ఆ సన్నటి రిమ్‌దే. వెడల్పు అల్లాయ్‌లు వేసి, అవే టైర్లు ఎక్కించి, తర్వాత ప్లాస్టిక్ కోయించుకునేవాళ్లు మన ఊళ్లో ఉన్నారు. ఇక నేలకు ఆనేది ఎంత అంటే, వాన పడ్డాక పొలం దారిలో పడిన అచ్చును కొలిచాను. 180 చుట్టుపక్కల ఉంది.

నా దృష్టిలో అసలైన కొలత చుట్టుకొలతే, అదీ బండి బరువు మీద ఉన్నప్పుడు. చదునైన బండల మీద టైరుకీ నేలకీ సుద్దతో గీత గీసి, బండిని మెల్లగా తోసి, టైరు మీది గీత మళ్లీ కిందికొచ్చిన చోట ఇంకో గీత గీస్తే చాలు. పాత 215కి 2,145 మి.మీ., కొత్త 235కి 2,230 వచ్చింది. ఎత్తును 3.14తో గుణిస్తే దీనికంటే ఎక్కువ రావాలి, కానీ బరువుకి టైరు కింద నొక్కుకుపోతుంది కాబట్టి రాదు. లోపల ఉక్కు బెల్టు ఉండే రేడియల్ టైరుకి 3.05తో గుణిస్తే దాదాపు సరిపోతుంది.

ఈ నాలుగు శాతం తేడా రోజూ కనిపిస్తుంది. 44వ నంబరు హైవే మీద కిలోమీటరు రాళ్లతో సరిచూస్తే 50 కి.మీ.కి ఓడోమీటర్ 48 చూపిస్తోంది. మీటర్లో 80 ఉంటే ఫోన్ జీపీఎస్‌లో ఇంతకుముందు 76 ఉండేది, ఇప్పుడు 79. 'ఏటీ వేయిస్తే మైలేజ్ పడిపోయింది' అనే గోల కూడా కొంత ఇక్కడి నుంచే వస్తుంది. నాకు 15 నుంచి 14కి పడినట్టు కనిపించింది, కానీ దూరం సరిచేస్తే 14.5 దాటుతోంది. మిగతా నష్టం నిజమే, టైరు బరువుది, బటన్‌ది. లాగుడు కూడా ఆ నాలుగు శాతం తగ్గింది. నిండు బండితో గువ్వలచెరువు ఘాట్‌లో మూడో గేరులో లాగిన చోట ఇప్పుడు రెండుకి దిగాల్సి వస్తోంది. ఆ ఊళ్లో పాలకోవాకి ఎలాగూ ఆగుతాం కాబట్టి ఆ ఆలస్యాన్ని ఎవరూ పట్టించుకోరు.

పెన్న ఇసుకలో గాలి తగ్గించినప్పుడు ఒకటి గమనించాను. 32 నుంచి 20 పీఎస్‌ఐకి దించితే ఇరుసు సెంటీమీటరు పైగా కిందికొస్తుంది, కానీ ఒక చుట్టులో కదిలే దూరం వేలి మందం కూడా తగ్గదు. లోపలి ఉక్కు బెల్టు సాగదు, కుంచించుకుపోదు. నేల మీద అచ్చు కూడా వెడల్పు కంటే పొడవులోనే ఎక్కువ పెరుగుతుంది. ఇసుకలో బండి తేలడానికి కారణం ఆ పొడవే.

ఇప్పుడు బటన్ 11 మి.మీ. నుంచి 4కి వచ్చింది. అంటే ఎత్తులో 14 మి.మీ. పోయి 715 మిగిలింది. కొత్త 225/75 ఆర్15 లెక్క ప్రకారమే 718.5 ఉంటుంది! పేరుకి 235 గానీ ఇప్పుడు నేను నడుపుతున్నది అంతకంటే చిన్న టైరు. స్పీడోమీటర్ కూడా మళ్లీ పాత దారికొస్తోంది.

అంగుళాల్లో రాసే సైజులు ఇంకో తమాషా. కడపలో మా బావమరిది థార్‌కి కంపెనీ ఇచ్చిన 255/65 ఆర్18 లెక్క ప్రకారం 788.7 మి.మీ., అంటే 31 అంగుళాలు దాటుతుంది. అతని స్నేహితుడి పాత జీపుకి 31×10.50 ఆర్15 ఉన్నాయి. వాటి మీద ఎత్తు 31 అంగుళాలని పెద్ద అక్షరాల్లో ఉంటుంది గానీ పక్కన నిలబెడితే థార్ టైరే పొడుగు. ఆ సైజులో కొన్ని టైర్లకు కంపెనీ పట్టికలోనే 30.5 అని ఉంటుంది. అతను 31 చూసి కొన్నాడు, పట్టిక చూడలేదు.

నాది ఇంజిన్ వెనక చక్రాలను మాత్రమే తిప్పే బండి కాబట్టి ముందు ఒక మోడల్, వెనక ఒక మోడల్ వేసినా నడిచిపోతుంది. థార్ లాంటి ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో అలా కుదరదు. గట్టి నేల మీద 4హెచ్ (నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే గేరు) వేస్తే ముందు వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలని చూసి గేర్లన్నీ బిగుసుకుంటాయి. ఒకే సైజు అని రాసి ఉన్నా కొత్త టైర్లు రెండు, అరిగినవి రెండు కలిపితే ఇదే బాధ. మా బావమరిది స్టెప్నీని కూడా మార్చి మార్చి వాడేది అందుకే.

ఈసారి కూడా 235లే వేయిస్తున్నాను, రిమ్ మార్చడం లేదు. ధర అడిగే ముందు ఆ మోడల్ పట్టికలో ఎత్తు, ఏ రిమ్ మీద కొలిచారు, బటన్ లోతు అనే మూడూ చూపించమని షాపతన్ని అడిగాను. రెండు దొరికాయి, రిమ్ సంగతి ఫోన్ చేసి కనుక్కుంటానన్నాడు.