ముందు గుమ్మమా, గరాజ్ గుమ్మమా: చలికాలంలో అమ్మానాన్నలకి ఏది మేలు?

అక్టోబర్ వచ్చేసింది. అమ్మానాన్నలు మీ దగ్గరే ఉంటున్నా, ఈ చలికాలం వస్తున్నా ఇంటి గుమ్మం సంగతి ఇప్పుడే చూసుకోండి, నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ దాకా ఆగితే సగం పనులు ఇక స్ప్రింగ్‌కే. అమెరికాలో మా డెట్రాయిట్ (మిషిగన్) చుట్టుపక్కల, నోవై కాంటన్ వైపు, చాలా సింగిల్ ఫ్యామిలీ ఇళ్లు ఒకటే తీరు: ముందు రెండు మూడు మెట్ల కాంక్రీట్ పోర్చ్, పక్కన గరాజ్, గరాజ్‌లోంచి ఇంట్లోకి ఒకటో రెండో మెట్లు. పెద్దవాళ్లు వస్తున్నారనగానే అందరూ అడిగేది "ముందు ర్యాంప్ పెట్టించాలా?" అని, అంటే మెట్ల బదులు వాలుగా ఉండే దారి. నన్నడిగితే వీల్‌చైర్ అవసరం లేనివాళ్లకి గరాజ్ గుమ్మం బాగుచేయించడమే మేలు, డబ్బులూ తక్కువ, ఐస్ భయమూ తక్కువ. వీల్‌చైర్ ఉంటే మాత్రం లెక్క వేరు, అదీ చెప్తా.

ముందు గుమ్మంతో అసలు చిక్కు మెట్లు ఒక్కటే కాదు, స్టార్మ్ డోర్, అసలు తలుపుకి బయట ఉండే ఇంకో తలుపు. అది బయటికి తెరుచుకుంటుంది కదా, పైమెట్టు దగ్గర జాగా మూడడుగులే ఉంటే, అమ్మ ఒక చేత్తో డోర్ లాగుతూ వెనక్కి ఒక అడుగు వెయ్యాలి, ఆ వెనక అడుగు పడేది మెట్టు అంచు మీద, రెండో చేతిలో బ్యాగో కర్రో ఉంటుంది, ఇక మెట్ల పక్కన ఉండే రైల్ (పట్టుకునే కడ్డీ) పట్టుకోడానికి చెయ్యేది? దీనికి తోడు చాలా ఇళ్లకి రైల్ ఒక పక్కనే ఉంటుంది, ఎక్కేటప్పుడు కుడిచేతికి అందింది దిగేటప్పుడు ఎడమచేతి వైపు ఉంటుంది, పక్షవాతం వచ్చి ఒక చెయ్యి బలహీనంగా ఉన్నవాళ్లకి ఒక దారిలో రైల్ ఉన్నా లేనట్టే. ఇక్కడి బిల్డింగ్ కోడ్ ప్రకారం నాలుగు రైజర్లు (మెట్టుకీ మెట్టుకీ మధ్య నిలువు ఎత్తులు), అంతకన్నా ఎక్కువ ఉంటేనే హ్యాండ్‌రైల్ తప్పనిసరి, అందుకే మూడు మెట్ల పోర్చ్‌లకి అసలు రైలే లేని ఇళ్లు బోలెడు. ముందువైపే వాడతాం అనుకుంటే ముందు చెయ్యాల్సింది రెండు పక్కలా రైల్, 34 నుంచి 38 అంగుళాల ఎత్తులో, పిడికిలికి నిండుగా పట్టు దొరికే గుండ్రటి పైపు, అలంకారానికి పెట్టే వెడల్పాటి చెక్క పట్టీ కాదు. ఇంకోటి, రైల్ చివరి మెట్టు దగ్గరే అయిపోకూడదు, ఇంకో అడుగు ముందుకి ఉండాలి, ఎందుకంటే కాలు నేల మీద ఆనే క్షణంలోనే చేతికి పట్టు కావాలి.

ఇప్పుడు ర్యాంప్ లెక్క చూడండి. ఏడీఏ (వికలాంగుల హక్కుల అమెరికా చట్టం) కొలత 1:12, అంటే ఒక అంగుళం ఎత్తుకి ఒక అడుగు పొడవు. సొంత ఇళ్లకి ఆ చట్టం వర్తించదు కానీ కొలతగా అందరూ దాన్నే పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా. మూడు మెట్లు, ఒక్కోటి ఏడంగుళాలనుకుంటే 21 అంగుళాలు, అంటే 21 అడుగుల ర్యాంప్, పైనా కిందా వీల్‌చైర్ తిరగడానికి ఐదేసి అడుగుల చదును జాగా వేరే. మన ముందు లాన్‌లో అది ఎక్కడ పడుతుంది? కాంట్రాక్టర్ ఎవరైనా "పన్నెండడుగుల్లో సరిపెట్టేస్తా అండి" అంటే ఒప్పుకోకండి, ఆ వాలు మీద సన్నగా ఐస్ కట్టిందంటే అది పిల్లల జారుడుబల్లే.

ర్యాంప్ తప్పదు అనుకున్నవాళ్లకి మూడు రకాలు. కాంక్రీట్ గట్టిదే కానీ ఇప్పుడు టైమ్ కాదు, 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందకి పోతే పొయ్యడానికి దుప్పట్లు కప్పాలి, తంటాలు పడాలి, పైగా కొత్త కాంక్రీట్ మీద మొదటి చలికాలమే ఉప్పు చల్లితే పైపొర పెచ్చులూడుతుంది. చెక్కది చవక, కానీ స్తంభాలు ఫ్రాస్ట్ లైన్ (చలికి నేల గడ్డకట్టే లోతు) కిందకి, మిషిగన్‌లో అయితే 42 అంగుళాల లోతుకి దింపకపోతే నేల గడ్డకట్టి ఉబ్బినప్పుడు ర్యాంప్ మొత్తం ఒక పక్కకి లేస్తుంది, తడిసిన చెక్క మీద మంచు సంగతి చెప్పక్కర్లేదు. నా ఓటు అల్యూమినియం మాడ్యులర్‌కే, అంటే ముక్కలుగా తెచ్చి బిగించేదానికే: నేల మీదే నిలబడుతుంది, ఒకట్రెండు రోజుల్లో బిగించేస్తారు, నడిచే పలక చిల్లులున్నది తీసుకుంటే కరిగిన నీళ్లు కిందకి కారిపోతాయి, అవసరం తీరాక విప్పి అమ్ముకోవచ్చు, చాలాచోట్ల నెలవారీ అద్దెకీ ఇస్తారు. మోకాలి ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లే కావాల్సిన వాళ్లకి అద్దెదే సరి. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న సబ్‌డివిజన్ అయితే పర్మిషన్‌కి ఇవాళే మెయిల్ పెట్టండి.

కానీ మోకాళ్ల నొప్పులుండి సొంతంగా నడిచేవాళ్లకి ర్యాంప్ అంత సుఖమేం కాదు. వాలు దిగేటప్పుడు బరువంతా మోకాళ్ల మీదే పడుతుంది, చీలమండ బిగుసుకుపోయినవాళ్లకి ఇంకా కష్టం. అలాంటివాళ్లు పొట్టి మెట్లు, రెండు పక్కలా పట్టు ఉంటే ఎక్కువ ధైర్యంగా నడుస్తారు. ఫిజియోథెరపీలో నేర్పేది కూడా ఇదే, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. నాన్నగారికి ఒకసారి దగ్గరుండి చేయించి చూపించండి, నోటితో చెప్తే "నాకు తెలుసులేవే" అంటారు, అక్కడితో సరి.

అందుకే నేను గరాజ్ అంటున్నా. పైకప్పు ఉంది, స్నో పడదు, కారు దిగిన చోటు నుంచి తలుపుకి పది అడుగులు. అక్కడ ఏడంగుళాల మెట్టు పక్కనే మూడున్నర అంగుళాల ఎత్తు బల్ల ఒకటి చేయిస్తే మెట్టు రెండు చిన్న మెట్లవుతుంది, ఆ బల్ల వాకర్ నాలుగు కాళ్లూ, మనిషి రెండు పాదాలూ పట్టేంత వెడల్పుండాలి, కదలకుండా నేలకి బిగించాలి, పైన రఫ్‌గా ఉండే పూత వెయ్యాలి. తలుపుకి రెండు పక్కలా గ్రాబ్ బార్లు (పట్టుకునే కడ్డీలు), గోడలోపలి స్టడ్‌కే (నిలువు చెక్కకే) బిగించాలి, ఉత్త డ్రైవాల్ పలకకి బిగిస్తే బరువు పడగానే ఊడొచ్చేస్తుంది.

గరాజ్‌కీ లోపాలున్నాయి, వాటిని సరిచెయ్యకుండా వాడొద్దు. చాలా ఇళ్లలో ఆ తలుపుకి స్ప్రింగ్ హింజ్‌లుంటాయి, వదిలితే తనే మూసుకుంటుంది, నెమ్మదిగా నడిచే మనిషిని మడమ మీద కొట్టి ముందుకి తోస్తుంది. అది నిప్పు, పొగ ఇంట్లోకి రాకుండా పెట్టింది కాబట్టి పీకేయకండి, నిదానంగా మూసుకునే క్లోజర్ వేయించండి. కారు కింద నుంచి కారిన స్నో నీళ్లు రాత్రికి అక్కడే గడ్డకడతాయి, కారు పెట్టే చోట అంచులున్న మ్యాట్ వేస్తే నీళ్లు నడిచే దారిలోకి రావు. కారుకీ గోడకీ మధ్య కనీసం మూడడుగులు వదలండి, కాస్ట్‌కో డబ్బాలు, పిల్లల సైకిళ్లు అక్కడి నుంచి తీసేయండి. ఇంజిన్ ఆన్‌లో పెట్టి గరాజ్‌లో కూర్చోబెట్టడం మాత్రం వద్దు, షట్టర్ తెరిచున్నా సరే, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

గరాజ్ ఎంత బాగుచేసినా ముందు గుమ్మాన్ని పూర్తిగా వదిలెయ్యలేం, అంబులెన్స్ వస్తే స్ట్రెచర్ వెళ్లేది అటే. కాబట్టి ఉప్పు సంగతి. మామూలు రాక్ సాల్ట్ చవకే కానీ 15, 20 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందకి పోతే దాదాపు పనిచెయ్యదు, మన జనవరి రాత్రులు మామూలుగా అంతే ఉంటాయి. కాల్షియం క్లోరైడ్ నీళ్లు తగలగానే వేడి పుట్టిస్తుంది, సున్నా ఫారెన్‌హీట్ కింద కూడా పనిచేస్తుంది, ఖరీదు ఎక్కువ, లోపలికి తొక్కుకొస్తే ఫ్లోర్ మీద జిడ్డుగా అంటుతుంది. ఈ రెండూ అల్యూమినియంని తినేస్తాయి కాబట్టి ఆ ర్యాంప్ పెట్టించినవాళ్లు తయారీదారు ఏది వాడమన్నారో చూసి అదే కొనండి. ఇసుక ఐస్‌ని కరిగించదు, కాలికి పట్టు మాత్రం ఇస్తుంది, మరీ చలి రోజుల్లో అదే దిక్కు. డౌన్‌స్పౌట్ (కప్పు మీది నీళ్లు కిందకి దింపే గొట్టం) నీళ్లు నడకదారి మీద పడుతున్నాయేమో చూడండి, పగలు కరిగి పారిన నీళ్లే తెల్లారేసరికి నల్ల ఐస్ అవుతాయి, అది కంటికి తడి నేలలాగే కనిపిస్తుంది. గొట్టం పక్కకి తిప్పితే సగం ఉప్పు మిగులుతుంది.

మన ఇళ్లలో ఇంకో సంగతి, చెప్పులు. గుమ్మం దగ్గరే ఇరవై జతలు కుప్పగా ఉంటాయి, తడి బూటు విప్పడానికి అమ్మ ఒంటికాలి మీద నిలబడి గోడ పట్టుకుంటుంది. తలుపు లోపల చేతులున్న గట్టి కుర్చీ ఒకటి వెయ్యండి, చెప్పులు ర్యాక్‌లోకి వెళ్లాలి. బూట్ల కింద తగిలించే ముళ్ల క్లీట్స్ బయట ఐస్ మీద బాగుంటాయి కానీ టైల్ మీద అవే జారతాయి, అక్కడే కూర్చుని విప్పితేనే కొనివ్వండి. చీర కట్టుకునే వాళ్లకి అంచు చీలమండ పైకి ఉండేలా కట్టుకోమనండి, కోటు కింద కనిపించదు కాబట్టి ఒప్పుకుంటారు.

నవంబర్ మొదటి ఆదివారం టైమ్ మారాక ఐదున్నరకే చీకటి, మోషన్ సెన్సర్ లైట్ గుమ్మానికీ గరాజ్ లోపలికీ ఒక్కోటి పెట్టండి. మెట్ల అంచుకి అంటించే గరుకు టేప్ చలిలో అంటుకోదు, ఎండ ఉన్న వారాంతం చూసి ఇప్పుడే వెయ్యండి. అన్నీ అయ్యాక అమ్మకి కోటు, బూట్లు, గ్లవ్స్ అన్నీ తొడిగి ఒకసారి ఎక్కించి దింపించి చూడండి, గ్లవ్స్‌తో రైల్ పట్టు జారుతోందేమో, బూటు వెడల్పుకి బల్ల సరిపోతోందో లేదో అప్పుడే తెలుస్తుంది, మార్చుకోడానికి ఇంకా టైమ్ ఉంటుంది.